ఎక్సెల్‌లో తారుమారైన క్రిప్టో లెక్కలు: రిటర్ను దిద్దుకోవచ్చా?

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. 2024-25 ఆర్థిక సంవత్సరంలో ఇక్కడి ఎక్స్ఛేంజీలోనే బిట్‌కాయిన్, ఈథర్ కొని అమ్మాను. లావాదేవీల సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన వట్టి టెక్స్ట్ పట్టిక) ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్‌తో తెరిచి, సేవ్ చేసి ఆడిటరుకు పంపాను. రిటర్ను వేశాక చూస్తే ఫారం 26ఏఎస్‌లోని (నా పేరు మీద ముందే కోసిన పన్నుల పట్టిక) టీడీఎస్‌కూ నేను చూపిన అమ్మకాలకూ పొంతన లేదు. ఆర్డర్ నంబర్ల చివర అన్నీ సున్నాలే ఉన్నాయి. నేను దాచిందేమీ లేదు. కేసు అవుతుందా? - ఒక పాఠకుడు, విజయవాడ (అక్టోబర్ 2025)

జవాబు: భయపడకండి, కానీ ఆలస్యం చేయకండి. ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 139(5) కింద రిటర్ను సవరించుకోవడానికి మీకు 2025 డిసెంబర్ 31 దాకా గడువుంది. శాఖ అడగకముందే మీరే దిద్దుకుంటే మీ మాటకు బలం ఉంటుంది. ఆదాయం తక్కువ చూపినట్టు తేలితే సెక్షన్ 270ఏ కింద ఆ మేరకు పన్నులో 50 శాతం, కావాలని తప్పుగా చూపారంటే 200 శాతం పెనాల్టీ పడుతుంది.

మీ లెక్క తప్పడానికి అసలు కారణం తేదీలేనని నా అనుమానం. ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో చాలాసార్లు అమెరికా పద్ధతే ఉంటుంది, అంటే నెల ముందు, రోజు తర్వాత. మీరు 02/11/2024న, అంటే నవంబర్ 2న అమ్మినది ఎక్సెల్‌కు ఫిబ్రవరి 11, 2024 అవుతుంది. అది అంతకుముందు ఆర్థిక సంవత్సరం! ఏప్రిల్ నుంచి డిసెంబర్ దాకా ప్రతి నెలా 1, 2, 3 తేదీల అమ్మకాలు ఇలాగే వెనక్కి జారిపోతాయి. 2025 జనవరి నుంచి మార్చి దాకా 4 నుంచి 12 వరకు ఉన్న తేదీలు వచ్చే సంవత్సరంలోకి వెళ్తాయి. 12వ తేదీ దాటినవి తేదీలుగా కాక వట్టి అక్షరాలుగా మిగిలిపోతాయి, అందుకే తేదీతో వడపోస్తే కనబడవు.

మామూలు వ్యాపారంలో ఇలాంటి తేడాలు మొత్తంలో కొంత సర్దుకుంటాయి. క్రిప్టోలో సర్దుకోవు. సెక్షన్ 115బీబీహెచ్ ప్రకారం లాభం మీద 30 శాతం పన్ను, దానిపై సెస్. కొన్న ధర తప్ప మరే ఖర్చూ తగ్గించరు, ఒక దాని నష్టం ఇంకో దాని లాభంలో కలపనివ్వరు. కొనుగోలు వరస ఒక్కటి పోతే అమ్మిన మొత్తమంతా లాభమై కూర్చుంటుంది.

ఆర్డర్ నంబర్ల సంగతి వేరు. ఎక్సెల్ 15 అంకెల వరకే గుర్తుంచుకుంటుంది, ఆపై అంకెలు సున్నాలవుతాయి. సేవ్ చేశాక వాటిని తిరిగి తెప్పించలేం. ఈథర్ పరిమాణంలో పదిహేనో అంకె తర్వాత పోయేది పైసాకు కూడా రాదు కాబట్టి దానికి బెంగ వద్దు. కానీ ఆర్డర్ నంబరు చెడితే ఏ అమ్మకం ఏదో చూపించలేరు.

కాబట్టి పాడైన ఫైలును దిద్దే ప్రయత్నం చేయకండి. ఎక్స్ఛేంజీ నుంచి కొత్తగా దించుకోండి, ఆ అసలు ఫైలును తెరవకుండా పక్కన పెట్టండి. దాని హ్యాష్ విలువ (ఫైలులో ఒక్క అక్షరం మారినా మారిపోయే, వేలిముద్ర లాంటి కోడ్) అప్పుడే రాసి ఉంచండి. భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే సర్టిఫికెట్‌లో ఆ విలువ అడుగుతారు. నకలును డబుల్ క్లిక్‌తో తెరవకండి. ఎక్సెల్ డేటా మెనూలో సీఎస్‌వీని దిగుమతి చేసుకుంటూ తేదీ, నంబర్ల కాలమ్‌లను టెక్స్ట్‌గా ఎంచుకోండి. సమయం యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ఉంటే ఐదున్నర గంటలు కలపండి. మార్చి 31 సాయంత్రం 6.30 తర్వాతి యూటీసీ లావాదేవీ మనకు ఏప్రిల్ 1వ తేదీదే.

తర్వాత ఒక పరీక్ష చేయండి. సెక్షన్ 194ఎస్ కింద ఎక్స్ఛేంజీ కోసింది 1 శాతం గనక, 26ఏఎస్‌లో ఆ టీడీఎస్ మొత్తాన్ని వందతో గుణిస్తే మీ అమ్మకాల మొత్తానికి దగ్గరగా రావాలి. అది కుదిరాకే ఆడిటరుకు పంపండి. అదనపు పన్ను తేలితే వడ్డీతో చలానా కట్టి, ఆ వివరాలతో సవరించిన రిటర్ను వేయండి. పాడైన పాత ఫైలును మాత్రం చెరిపేయకండి. మీరు దాచలేదు, ఎక్సెల్‌లో తారుమారైంది అని రేపు అధికారికి చూపించాల్సి వస్తే మీ చేతిలో ఉండే సాక్ష్యం అదే.