కాలు బెణికిన బాస్కెట్‌బాల్ సెంటర్ మళ్ళీ కోర్టులోకి దిగేముందు

నెల్లూరు

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

కట్టు విప్పారని, కుంటకుండా నడుస్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. సంతోషం. యూనివర్సిటీ అంతర కళాశాలల పోటీల నాటికి మునుపటి ఆట వచ్చేయాలని తొందరపడుతున్నావని కూడా చెప్పింది. మునుపటి ఆట నీకెందుకురా? కాలు బెణికించింది ఆ ఆటే గదా. సెంటర్‌కి, అంటే రింగు దగ్గర ఆడే పొడుగాటివాడికి, చీలమండ ఎక్కువగా యాడ బెణుకుతుందో చూడు, రీబౌండ్ దగ్గర, తప్పిన షాట్ తిరిగొచ్చేటప్పుడు ఆ బంతి పట్టే చోట. షాట్ లేచాక బంతి వంకే చూస్తా నిలబడతారు. ఈలోగా అవతలోడు ముందుకొచ్చి స్థలం పట్టేస్తాడు. ఇక వాడి వీపు మీదుగా ఎగరడం, దిగేటప్పుడు వాడి బూటు మీద కాలు పెట్టడం. పాదం లోపలికి మడతపడుతుంది, బయటి పక్క లిగమెంటు (ఎముకల్ని కట్టిపెట్టే నార) సాగుతుంది, కొన్నిసార్లు చిరుగుతుంది. రీబౌండ్ పోయేదీ కాలు పోయేదీ ఆ ఆలస్యం వల్లే. అది దిద్దుకున్నవాడికి ఎగురుడు కాస్త తగ్గినా ఆట పెరుగుతుంది.

ముందు కాలు సంగతి. మీ అవ్వ పుత్తూరు పోయి కట్టు కట్టించుకు రమ్మంటోందంట. ఎముక విరగలేదని ఎక్స్‌రేలో తేలాక మళ్ళీ కదలకుండా బిగించి కడితే కీలు బిగుసుకుంటుంది, పిక్క సన్నబడుతుంది. నీకిప్పుడు కావాల్సింది కదలిక. అవ్వకి నేను చెప్తాలే.

పరిగెత్తే ముందు ఇంట్లోనే నాలుగు పరీక్షలు పెట్టుకో. గోడకి ఎదురుగా నిలబడి, బొటనవేలు గోడకి 10 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, మడమ లేవకుండా మోకాలు గోడకి తాకించు. అందకపోతే పాదం దగ్గరికి జరుపుకో, అందితే దూరం జరుపు. రెండు కాళ్ళకీ తేడా 2 సెంటీమీటర్లు దాటితే చీలమండ ఇంకా బిగుసుకునే ఉందని లెక్క. అట్టాంటి కాలు దిగేటప్పుడు ముందుకి వంగలేక పక్కకి ఒరుగుతుంది. రెండోది, ఒంటికాలి మునివేళ్ళ మీదికి లేవడం. మంచి కాలికి 25 వస్తే దెబ్బ కాలికి 22 అయినా రావాలి, చివరివి కూడా పూర్తి ఎత్తుకి లేవాలి. మూడోది, కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడటం. మంచి కాలి మీద ఎంతసేపు నిలబడగలవో దీని మీదా ఇంచుమించు అంతసేపు నిలబడాలి. నాలుగోది, ఒంటికాలి గెంతు. ఏ కాలితో ఎగిరావో ఆ కాలి మీదే దిగి రెండు సెకన్లు బొమ్మలా నిలబడు. మంచి కాలితో 150 సెంటీమీటర్లు పోతే దెబ్బ కాలితో 135కి తగ్గకూడదు. తూలితే ఆ గెంతు లెక్కలోకి రాదు. చాలామంది టేపు పెట్టి దూరం కొలుచుకుని మురిసిపోతారు, దిగిన తీరు చూసుకోరు.

తప్పేది ఎక్కువగా మూడో పరీక్షలో. లిగమెంటు అతికినా, పాదం ఏ కోణంలో ఉందో మెదడుకి చేరే కబురు మందగిస్తుంది. పాదం వాలుతున్నప్పుడు దాన్ని పట్టి ఆపాల్సిన బయటి పక్క కండరాలు ఆలస్యంగా మేలుకుంటాయి. ఒకసారి బెణికిన కాలు పదే పదే బెణకడానికి ఇదో పెద్ద కారణం. మందు ఖరీదైంది కాదు. సైకిల్ షాపులో పాత ట్యూబు ఒకటి అడిగి తెచ్చుకో. మంచం కోడుకి కట్టి, రెండో కొస పాదం ముందు భాగానికి తగిలించి, పాదాన్ని బయటికి లాగు. ఒక్కో విడతకి 15 చొప్పున మూడు విడతలు, రోజూ. తిరిగి లోపలికి వదిలేటప్పుడు మూడు సెకన్లు పట్టాలి, ఫలితమంతా ఆ నిదానంలోనే ఉంది. పళ్ళు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడు. అది తేలికయ్యాక మడిచిన బొంత మీద, ఆ తర్వాత బొంత మీదే నిలబడి గోడకి బంతి కొట్టి పట్టుకో.

మైపాడు పోయి ఇసుకలో పరిగెడితే కాలు రాయి అయిపోతుందని నీ స్నేహితులు చెప్తారు. ఇప్పుడే వద్దు. ఎండు ఇసుకలో పాదం అడుగడుక్కీ ఒక్కో పక్కకి ఒరుగుతుంది. అల తడిపిన గట్టి ఇసుకేమో సముద్రం వైపు వాలి ఉంటుంది, ఒక కాలెప్పుడూ పల్లంలో పడుతుంది. ఈ సీజన్ అయ్యాక చూసుకోవచ్చు.

ఇక ఆట. కోర్టులో మొదటి వారమంతా బాక్స్ అవుట్‌కే పెట్టు, అంటే అవతలోణ్ణి వీపుతో రింగుకి దూరంగా ఆపడానికి. షాట్ లేచిందనగానే బంతి సంగతి మరిచిపో, నీ మనిషిని వెతుక్కో. ముంజేతితో వాడి ఛాతీకి తాకు. తోస్తే ఫౌల్, తాకితే చాలు. వాడు ఏ పక్కకి కదలబోతున్నాడో నీ చేతికే తెలుస్తుంది. ఆ పక్కకి ఒక అడుగు వేసి, దాని మీద తిరిగి, నీ పిరుదులు వాడి తొడలకి ఆనించి కూర్చో. కూర్చో అంటే నిజంగానే, మోకాళ్ళు బాగా వంగాలి. పాదాలు భుజాల కన్నా జానెడు వెడల్పు, అరచేతులు పైకి. మనసులో ఒకటి, రెండు అనుకుని అప్పుడు బంతి కోసం పో. నిటారుగా నిలబడి వీపు మాత్రమే ఆనిస్తే అవతలోడు మోకాలితో చిన్న నెట్టు నెట్టినా రింగు కిందకి పోతావు.

రింగు కింద స్థలం పట్టుకున్నందువల్ల లాభం లేదు. అక్కడ పడేది బాస్కెట్ అయిన బంతే. రింగు కింద 1.25 మీటర్ల అర్ధవృత్తం గీసి ఉంటుంది చూడు, నీ పాదాలు దానికి బయటే ఉండాలి. మూల నుంచి వేసిన షాట్ తప్పితే ఎక్కువసార్లు అవతలి పక్కకే పోతుంది కాబట్టి, బంతి ఇటు మూలకి పాస్ అయినప్పుడే నువ్వు అటు పక్కకి ఒక అడుగు జరిగి ఉండు. దూరం నుంచి వేసిన షాట్ రింగు నుంచి దూరంగా ఎగిరి పడుతుంది, ఆ లెక్కన నీ మనిషిని ఇంకో అడుగు బయటే ఆపు.

ఇట్టా కూర్చున్నవాడికి కాలు ఎందుకు బెణకదంటే, వాడు దిగే చోటు వాడిదే. మనుషులంతా వీపు వెనకే ఉంటారు, కింద ఎవరి బూటూ ఉండదు. పట్టిన తర్వాత రెండు కాళ్ళ మీదా ఒకేసారి దిగు. ఒంటికాలి మీద దిగే అలవాటు ఉంటే ఇప్పుడే మానుకో. బంతి గడ్డం కిందకి రావాలి, మోచేతులు బయటికి ఉండాలి. అప్పుడు తలతిప్పి మన గార్డు, అంటే బంతిని నడిపించేవాడు, యాడున్నాడో చూడు. బంతిని నడుము దాకా దించావా, పొట్టి గార్డులు వచ్చి లాక్కుపోతారు. ఎత్తున్నవాళ్ళందరికీ ఉన్న జబ్బే అది.

దీనికి ఒక డ్రిల్లు. నువ్వు గోడ దగ్గర ఎగిరి బంతి పట్టి దిగుతుంటే, దిగీ దిగగానే స్నేహితుడు దిండుతో భుజం మీద నెట్టాలి. మొదట నువ్వు చెప్పిన పక్క నుంచి, తర్వాత వాడి ఇష్టం. ఒక్కో విడతకి ఐదు ఎగురుళ్ళు, అట్టా మూడు విడతలు, రోజు మార్చి రోజు. దెబ్బ తగిలి వచ్చినవాడి భయం ఎగిరేటప్పుడు కనపడదు, దిగేటప్పుడు కనపడుతుంది. మంచి కాలు ముందు ఆనించి బరువంతా దాని మీదే వేస్తాడు. కొన్నాళ్ళకి ఆ మోకాలు నొప్పి మొదలవుతుంది. ఫోన్‌లో వీడియో తీయించి చూసుకో, రెండు బూట్లూ ఒకేసారి నేలకి తగులుతున్నాయా లేదా అని.

దాడిలో పివట్ జాగ్రత్త, అంటే ఒక కాలు నేల మీదే ఉంచి దాని మీద తిరగడం. మొదటి రెండు వారాలు మంచి కాలే పివట్ కాలు. దెబ్బ కాలి మీద తిరిగేటప్పుడు మడమ కొంచెం లేపి పాదం ముందు భాగం మీద తిరుగు. పాదమంతా నేలకి అతుక్కుని ఒళ్ళు మాత్రం తిరిగితే ఆ మెలి చీలమండకి పోతుంది. కోర్టు మీద ఇసుక ఉంటే ఇదే తిరుగుడు జారుడవుతుంది. మన సిమెంటు కోర్టుల్లో ఆటకి ముందు రింగు కింద చీపురు వేయడం నామోషీ అనుకోకు.

మైకన్ డ్రిల్ రోజూ చెయ్యి. పాతకాలపు సెంటర్ జార్జ్ మైకన్ పేరు మీదొచ్చింది, అమెరికాలో 1951లో రింగు ముందు లేన్ (దాడి చేసేవాడు ఎక్కువసేపు నిలబడకూడని చోటు) వెడల్పు 6 అడుగుల నుంచి 12కి పెంచింది ఆయన్ని ఆపలేకే. కుడిపక్క కుడిచేత్తో, ఎడమపక్క ఎడమచేత్తో, బంతి నేల తాకకుండా వలలోంచి పట్టి మళ్ళీ వెయ్యాలి. బంతి చెవుల కిందకి దిగకూడదు. మొదటి వారం ఎగరకుండా, మునివేళ్ళ మీదికి లేచి మాత్రమే. 30 సెకన్లు చెయ్యి, 30 సెకన్లు ఆగు, అట్టా ఆరుసార్లు. ఎగరకుండా వెయ్యడం వచ్చినవాడికి బ్యాక్‌బోర్డు చదరం మీద ఏ మూల కొట్టాలో చేతికే తెలిసిపోతుంది.

పాసింగ్ కూడా ఇప్పుడే నేర్చుకో, కాళ్ళకి పని తక్కువ కాబట్టి. లిథువేనియా సెంటర్ ఆర్విదాస్ సబోనిస్‌కి 1980ల్లోనే అకిలిస్ టెండన్, అంటే పిక్కని మడమకి కలిపే నార, తెగింది. తర్వాత కూడా 1988 సియోల్ ఒలింపిక్స్‌లో సోవియట్ జట్టుతో బంగారు పతకం గెలిచాడు. 1995లో అమెరికా లీగ్ ఎన్‌బీఏకి పోయేనాటికి వయసు 30. అప్పటికి ఎగురుడు ఏమంత లేదు. ఫ్రీ త్రో గీత (ఫౌల్‌కి ఇచ్చే షాట్లు వేసే గీత) దగ్గర బంతి పట్టుకుని, రింగు వైపు దూసుకొచ్చే వాళ్ళకి అందించేవాడు. వీడియోలున్నాయి, అతని చేతులు కాకుండా పాదాలు చూడు. బంతి రాకముందే రింగు వైపు సగం తిరిగి ఉంటాయి. నువ్వూ స్క్రీన్ పెట్టి, అంటే మనవాణ్ణి కాచేవాడికి అడ్డంగా నిలబడి, రింగు వైపు తిరిగాక ప్రతిసారీ రింగు దాకా పరిగెత్తకు. ఫ్రీ త్రో గీత దగ్గర రెండు కాళ్ళ మీద ఆగి, మూలలో ఎవడు ఖాళీగా ఉన్నాడో చూసి ఇచ్చెయ్. దాడిలో రీబౌండ్ పట్టినా అంతే. బంతి రింగుకి తగిలొస్తే షాట్ వెయ్యడానికి కొత్తగా 14 సెకన్లు ఇస్తారు, గుంపులో మళ్ళీ ఎగరాల్సిన పనిలేదు.

ఫ్రీ త్రోలు అలిసిపోయాకే వెయ్యి, ఒక్కో పరుగు తీశాక రెండు.

కాళ్ళు నెమ్మదిగా ఉన్నన్నాళ్ళూ చేతులు దొంగతనానికి పోతాయి. తిరిగొచ్చిన సెంటర్‌కి మొదటి క్వార్టర్లోనే రెండు ఫౌల్స్ పడటం అందుకే. ఐదుకి బయటికి పంపుతారు. అవతలోడు నిన్ను దాటాడనుకో, వెనక నుంచి చెయ్యి వెయ్యకు, ఆ రెండు పాయింట్లు పోనీ. ఎదురుగా ఉన్నప్పుడు చేతులు నిటారుగా లేపి, ఛాతీతో నిలబడు.

పోటీకి ముందు కనీసం వారంపాటు జట్టుతో పూర్తి ప్రాక్టీసు అయుండాలి. మొదటి మ్యాచ్‌లో మొత్తం 12 నిమిషాలు చాలు, ఒక్కో విడతకి నాలుగు. మీ కోచ్‌కి ముందే చెప్పు, గెలిచే మ్యాచ్‌లో ఎవరికీ గడియారం గుర్తుండదు. బెంచీ మీద కూర్చుంటే కీలు బిగుసుకుంటుంది. మళ్ళీ దిగేముందు పది సార్లు మునివేళ్ళ మీదికి లేచి, నాలుగు చిన్న గెంతులు వెయ్యి. ఆడేటప్పుడు పదికి రెండు మూడు పాళ్ళ నొప్పి ఉండి తెల్లారేసరికి పోతే భయంలేదు. తెల్లారి లేచాక చీలమండ ఎముక చుట్టూ గుంట పూడిపోయి వాపు కనపడితే ముందు రోజు చేసిందాంట్లో సగానికి తగ్గించు. నాలుగడుగులు కూడా వెయ్యలేకపోతే, ఎముక వెనక అంచు మీద నొక్కితే ప్రాణం పోతున్నట్టుంటే, మళ్ళీ ఎక్స్‌రేకి పో.

లేసులున్న బ్రేస్ (చీలమండకి వేసే పట్టీ) కొనుక్కో, కాలికి చుట్టే టేపు వద్దు. టేపు చెమటకి అరగంటలోనే వదులవుతుంది, పైగా రోజూ ఖర్చు. బ్రేస్ సాక్సు మీద వేసి, పాదం పైకి లాగి పట్టుకుని లేసు బిగించు. పాదం కిందకి వేలాడుతున్నప్పుడు బిగిస్తే నిలబడగానే వదులవుతుంది. ప్రాక్టీసుకీ మ్యాచ్‌కీ ఏడాదిపాటు వేసుకో. అలవాటైపోయి కాలు బలహీనపడుతుందని ఎవరైనా అంటే పట్టించుకోకు, సైకిల్ ట్యూబు పని ఆపనంతవరకూ ఏమీ కాదు.

బూట్ల సంగతి మాత్రం ఉత్తరంలో తేలదు. బయటి అంచు అరిగిన బూటు పాదాన్ని ముందే పక్కకి వాలుస్తుంది. ఆదివారం ఇంటికొచ్చేటప్పుడు నీ పాత జత తీసుకురా. బల్ల మీద పెట్టి వెనక నుంచి చూసి, ఉంచాలో పారెయ్యాలో చెప్తా.

ఇట్లు,
మీ మామ