వీసా తిరస్కరించి మోసం అన్నారు.. కన్సల్టెన్సీ నుంచి డబ్బు వస్తుందా?

ప్రశ్న: మాది హనుమకొండ. మెకానికల్ బీటెక్ చేశాను. యూకే స్కిల్డ్ వర్కర్ వీసా ఇప్పిస్తామంటే హైదరాబాద్‌లోని ఒక కన్సల్టెన్సీకి అమ్మ బంగారం కుదువపెట్టి 9 లక్షలు కట్టాను. 6 లక్షలు నగదు, 3 లక్షలు ఫోన్‌పే. రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ లెటర్ సంగతి వాళ్లే చూసుకుంటామన్నారు. అది నకిలీదని వీసా తిరస్కరించారు. రెఫ్యూజల్ లెటర్ వచ్చి 19 రోజులైంది. ఇప్పుడేమో కొత్త పాస్‌పోర్టు తీసుకో, పాత సంగతి రాయకుండా మళ్లీ అప్లై చేద్దాం అంటున్నారు. వద్దంటే 2 లక్షలు వెనక్కిస్తాం, స్టాంపు పేపర్ మీద సంతకం పెట్టమంటున్నారు. ఇంట్లో అందరం కుంగిపోయాం. కేసు పెడితే మొత్తం డబ్బు వస్తుందా?

జవాబు: బంగారం పోయిందన్న బాధ మీ కేసును తేల్చదు. తేల్చేది మీ ఉత్తరంలోని ఒక్క వాక్యం: ఎక్స్‌పీరియన్స్ లెటర్ సంగతి వాళ్లే చూసుకుంటామన్నారు. మీరు నిజంగా ఆ కంపెనీలో పనిచేశారా? వాళ్లు అక్కడికెళ్లి తెప్పిస్తారనుకున్నారా? లేక చేయని ఉద్యోగానికి కాగితం పుట్టిస్తారని తెలిసే ఊరుకున్నారా? దీనికి జవాబు మీ వాట్సాప్‌లో ఉంటుంది. నాకు కాదు, ముందు మీకు మీరు చెప్పుకోండి.

ఎందుకంటే యూకే నిబంధనలు రెండు సంగతుల్ని వేరుచేసి చూస్తాయి. దరఖాస్తుకు నకిలీ పత్రం జతపడితే, అది మీకు తెలియకపోయినా వీసా తిరస్కరించవచ్చు. అంతవరకే అయితే పదేళ్ల నిషేధం రాదు. మీరు తెలిసి మోసం చేశారని అధికారి తేలిస్తేనే తిరస్కరణ తేదీ నుంచి పదేళ్లపాటు వచ్చే దరఖాస్తులకు అడ్డు. మీ లెటర్‌లో ఏం రాశారో కన్సల్టెన్సీ వాళ్లు చెప్పింది నమ్మకుండా మీరే చదవండి. చిత్రమేమిటంటే, స్కిల్డ్ వర్కర్ వీసాలో పాయింట్లు యూకే కంపెనీ ఇచ్చే స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్‌కు, ఉద్యోగం స్థాయికి, జీతానికి, ఇంగ్లిష్‌కు వస్తాయి. ఎక్స్‌పీరియన్స్‌కు పాయింట్లే లేవు. లేని అవసరానికి కాగితం పుట్టించి మీ పేరు చెడగొట్టారు.

ఇక గడువు. విదేశం నుంచి దరఖాస్తు చేసినవారు అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ (నిర్ణయాన్ని మళ్లీ పరిశీలించమనే దరఖాస్తు) కోరాలంటే నిర్ణయం అందినప్పటి నుంచి 28 రోజులే. మీకు మిగిలింది 9. ఫీజు 80 పౌండ్లు, లెటర్‌పై జీడబ్ల్యూఎఫ్ అని మొదలయ్యే మీ దరఖాస్తు నంబర్‌తో ఆన్‌లైన్‌లో వేయాలి. ఒక్కసారే అవకాశం. ఆలోగా కొత్త దరఖాస్తు పెట్టారో, రివ్యూ అక్కడితో ముగిసిపోతుంది. మామూలుగా రివ్యూలో కొత్త ఆధారాలు చూడరు గానీ, నకిలీ పత్రం అన్న నిర్ధారణే తప్పని చూపడానికి కొంత వెసులుబాటు ఉంది. నిజంగా పనిచేసి ఉంటే పీఎఫ్ పాస్‌బుక్, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, ఫారం 16 జతచేయండి. పనిచేయకపోయినా, లెటర్ పెట్టిన సంగతి మీకు తెలియదని చాట్ చూపిస్తుంటే మోసం అన్న మాటను మాత్రమే సవాలు చేయండి. తెలిసే చేయించుకుని ఉంటే ఆ 80 పౌండ్లు దండగ. ఇంకో అబద్ధం రాయకండి.

కొత్త పాస్‌పోర్టు మాట మీ చెవిన పడనట్టే ఉండండి. వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ సెంటర్‌లో మీ పది వేళ్ల ముద్రలు తీసుకున్నారు. పాస్‌పోర్టు నంబర్ మారినంత మాత్రాన వేళ్లు మారవు. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో యూకే ఈ వివరాలు పంచుకుంటుంది. ఇంతకుముందు వీసా తిరస్కరించారా అన్న గడిలో ‘లేదు’ అని రాస్తే, ఇప్పుడు కాకపోతే అప్పుడు మీ తప్పు ఖాయం. పైగా ఉన్న పాస్‌పోర్టు పోయిందని అబద్ధం చెప్పి కొత్తది తీసుకుంటే పాస్‌పోర్ట్స్ చట్టం 1967, సెక్షన్ 12 కింద రెండేళ్ల దాకా జైలు. స్టాంపు పేపర్ కూడా అంతే. ‘డాక్యుమెంట్లన్నీ నేనే ఇచ్చాను’ అన్న లైను అందులో ఉంటుంది చూడండి. 2 లక్షలకు 7 లక్షలూ, మీ నిర్దోషిత్వమూ రాసిచ్చినట్టే.

బీటెక్ చదివిన మనిషి 6 లక్షలు నగదిచ్చి రశీదు అడగలేదు. మీ పేరుతో వెళ్లిన దరఖాస్తు కాపీ చూడలేదు. దాని కింద డిక్లరేషన్ మీదే, కన్సల్టెన్సీది కాదు. సరే, ఇప్పుడు ఆధారం తయారు చేసుకోవాలి. గోల్డ్ లోన్ తీసుకున్న తేదీ, అదే రోజు తీసిన నగదు, మీతో వచ్చినవారి సాక్ష్యం ఒకచోట చేర్చండి. ఏ తేదీన ఎంత ఇచ్చారో వాళ్లకు వాట్సాప్‌లో మర్యాదగా రాసి లెక్క అడగండి. కాదనకుండా జవాబిస్తే అదే మీ రశీదు. చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి, ఫోన్ మార్చకండి, రీసెట్ చేయకండి. కోర్టులో స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు, ఆ ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరిస్తూ భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి. వీసాలు చూసే యూకే హోమ్ ఆఫీసుకు సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్ (నా గురించి మీ దగ్గరున్న వివరాలు ఇవ్వండి అనే దరఖాస్తు) పెడితే మీ పేరిట ఏ కాగితాలు వెళ్లాయో ఉచితంగా వస్తాయి.

డబ్బుకు దారులున్నాయి. విదేశీ ఉద్యోగాల ఏజెంట్ల వివరాలుండే కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఆ కన్సల్టెన్సీకి రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. చాలావాటికి ఉండదు. ఎమిగ్రేషన్ చట్టం 1983, సెక్షన్ 10 ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపడం నేరం. ఉన్నవారైనా సర్వీసు చార్జీ కింద 30,000 రూపాయలు, పైన జీఎస్టీకి మించి తీసుకోకూడదు. ఇలాంటి కేసుకు కేంద్రం అనుమతి కావాలని స్టేషన్‌లో అంటే, బాధితుడో అతని తల్లిదండ్రులో ఫిర్యాదు చేస్తే అక్కర్లేదని సెక్షన్ 27 చూపించండి. హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ (ఈ చట్టాన్ని చూసే కేంద్ర అధికారి)కూ కాపీ పంపండి. దీనికితోడు భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 318(4), మోసం. ఎఫ్ఐఆర్ భయంతో డబ్బు తిరిగివచ్చిన సందర్భాలుంటాయి గానీ, రాబట్టేది మాత్రం కన్స్యూమర్ కమిషనో సివిల్ కోర్టో. కమిషన్‌కు రెండేళ్ల గడువు, మీరుండే హనుమకొండలోనే వేయొచ్చు, 9 లక్షలకు ఫీజు 200 రూపాయలు. సివిల్ దావాకు మూడేళ్లు.

ఇక్కడ మళ్లీ ఆ వాక్యమే అడ్డొస్తుంది. నకిలీ లెటర్ మీ ఒప్పుకోలుతోనే తయారైందని చాట్‌లో ఉంటే, చట్టవిరుద్ధమైన పనికిచ్చిన డబ్బు అంటూ వాళ్లు కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 23 ఎత్తుకుంటారు. పోలీసులు మిమ్మల్నీ నిందితుల్లో చేర్చవచ్చు. అలాంటి చాట్ ఉంటే ఫిర్యాదు కంటే ముందు లాయర్‌ని కలవండి. చెరిపేయాలని మాత్రం చూడకండి, అవతలి ఫోన్‌లో అది ఉంటుంది.

లీగల్ నోటీసులో ఒకటి మరవకండి. వీసా తిరస్కరిస్తే, దరఖాస్తుతోపాటు కట్టించుకునే హెల్త్ సర్చార్జ్ వెనక్కి ఇస్తారు. ఏడాదికి 1,035 పౌండ్ల చొప్పున, మూడేళ్ల వీసా అయితే 3,105 పౌండ్లు. అది కట్టిన కార్డుకే తిరిగి పడుతుంది, అంటే బహుశా కన్సల్టెన్సీ కార్డుకే. రివ్యూ వేస్తే అది తేలాకే వస్తుంది. ఆ మొత్తం విడిగా, తేదీతో సహా డిమాండ్ చేయండి.