వరస ఎత్తుకుపోతే ఏమనాలి?

సందేహం: ఒకరి సినిమా పాట వరసను మరొకరు వాడుకుంటే పత్రికల్లో ఒకచోట 'గ్రంథచౌర్యం', ఒకచోట 'భావచౌర్యం', ఇంకోచోట 'కాపీరైట్ ఉల్లంఘన' అని రాస్తున్నారు. మూడూ ఒకటేనా?

సమాధానం: కావు. అన్నమయ్య పదాన్ని తన పేరుతో అచ్చువేసుకున్నవాడిది చౌర్యమే, కానీ కాపీరైట్ చట్టానికి అతను దొరకడు. రచయిత పోయిన 60 ఏళ్లకు ఆ హక్కు తీరిపోతుంది. ఈ కాలపు కవి పాటను ఆయన పేరు వేసే, అనుమతి మాత్రం అడగకుండా రికార్డు చేసినవాడిది చౌర్యం కాదు, ఉల్లంఘన. అడుగున 'సౌజన్యం' అని రాసినంత మాత్రాన అది సక్రమం కాదు.

'గ్రంథచౌర్యం' పాటకు నప్పదు. 1957 నాటి చట్టం సాహిత్యాన్ని, సంగీతాన్ని, రికార్డింగును వేర్వేరు కృతులుగా చూస్తుంది. మూడింటికీ ముగ్గురు హక్కుదారులు ఉండవచ్చు. ఏది పోయిందో చెప్పకుండా 'పాట కాపీ' అని వదిలేయడం బద్ధకపు రాత. 'భావచౌర్యం' మరీ తప్పుదారి పట్టిస్తుంది. భావానికి హక్కు లేదు, దాన్ని వ్యక్తం చేసిన తీరుకే ఉందని తన నాటకాన్ని సినిమాగా తీశారని రచయిత వేసిన ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు 1978లోనే తేల్చింది. రాగం ఎవరి సొత్తూ కాదు, అందులో కట్టిన వరస మాత్రం సొత్తే. ఇన్ని స్వరాల దాకా తీసుకోవచ్చని కొందరు చెప్పే లెక్క చట్టంలో ఎక్కడా లేదు. శ్రుతి మార్చినా, నడక పెంచినా వరస కొత్తదైపోదు.

ఈ విచారణ మనకు కొత్త కాదు. పదో శతాబ్దం నాటి సంస్కృత కవి రాజశేఖరుడు 'కావ్యమీమాంస'లో హరణం మీద, అంటే ఇతరుల కవిత్వాన్ని తీసుకోవడం మీద, అధ్యాయాలే రాశాడు. అర్థమంతా అదే ఉండి మాటల కూర్పు మాత్రమే మారితే ప్రతిబింబకల్పం. కొంత సంస్కారం చేసి వేరుగా కనిపించేలా దిద్దితే ఆలేఖ్యప్రఖ్యం. వస్తువు వేరైనా పోలిక బలంగా ఉంటే తుల్యదేహితుల్యం. మూలం ఒకటే అయినా అలంకరణ పూర్తిగా వేరైతే పరపురప్రవేశం. నేటి సంగీత వివాదాలు ఎక్కువగా మొదటి రెండింటి నడుమనే నలుగుతున్నాయి. అంతకన్నా పదునైనది ఆయన ఉదాహరించిన, ఆయన భార్య అవంతీసుందరి మాట. హరణానికి పూనుకునే కవి చెప్పుకునే కారణాలను ఆమె వరుసపెట్టింది: అతను అప్రసిద్ధుడు, నేను ప్రసిద్ధుణ్ణి, అతని పలుకు తిప్పతీగ, నాది ద్రాక్ష, కర్త ఎక్కడో దేశాంతరంలో ఉన్నాడు. విదేశీ వరసలు తెచ్చుకునేవారు నేటికీ చెప్పే సాకు ఈ చివరిదే. అదీ చెల్లదు, కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందంలోని దేశాల కృతులకు మన దేశంలోనూ రక్షణ ఉంది.

'కాపీరైట్'కు తెలుగు కావాలంటే 'స్వామ్యం' ఉంది. పాత పుస్తకాల మీద 'సర్వస్వామ్య సంకలితము' అనే అచ్చువేసేవారు. అనుమతి లేకుంటే 'స్వామ్యభంగం', కర్త పేరు దాస్తే 'చౌర్యం' అనండి. 'వరసచౌర్యం' తెలుగు మాటకు సంస్కృత పదం అతికిన వైరిసమాసమని వ్యాకర్తలు ఒప్పకపోవచ్చు. 'స్వరచౌర్యం' అంటే స్వరాలే ఎవరివో అన్నట్టుంది. ప్రస్తుతానికి 'వరస దొంగతనం' నాకు మేలనిపిస్తోంది, ఇంతకన్నా మంచి మాట దొరికే దాకా.