వెల్‌నెస్ కోచింగ్‌కు 24 వేలు కట్టే ముందు

ప్రశ్న: "నా వయసు 41. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.2 వచ్చింది. మందులు ఇప్పుడే వద్దు, తిండీ నడకా చూసుకోమన్నారు డాక్టరు. ఒక యాప్ వాళ్లు మూడు నెలల పర్సనల్ కోచింగ్‌కు 24 వేలు అడుగుతున్నారు. నా జీతానికి అది ఎక్కువే. తక్కువలో అయ్యే దారి ఏదైనా ఉందా?"

ఉందండీ. ముందు ఎక్కువ పోసి, తర్వాత తక్కువలోకి దిగినదాన్ని కాబట్టి రెండూ తెలుసు.

మాది హైదరాబాద్, నాచారం వైపు. ఒక ప్రైవేటు స్కూల్లో అకౌంట్స్ చూస్తాను. మూడేళ్ల కిందట, 44 ఏళ్లప్పుడు నాకు 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్‌కు ముందు దశ కింద లెక్క. షుగర్ వల్ల మా అమ్మకు కాలి వేలు తీసేశారు. అది కళ్లారా చూసినదాన్ని, రిపోర్టు చూడగానే గుండె జారిపోయింది. ఆ టెన్షన్‌లోనే రాత్రి పదకొండింటికి ఫోన్‌లో కనబడ్డ ఒక ప్రోగ్రామ్‌కు 18 వేలు కట్టేశాను. అదీ ఈఎంఐలో.

కోచ్ అమ్మాయి మంచిదే. చార్టు చూస్తే మాత్రం పొద్దున కినోవా ఉప్మా, పదకొండింటికి బాదం పాలు, రాత్రికి బ్రకోలీ సూప్. మా ఇంట్లో ఐదున్నరకు లేచి మూడు బాక్సులు కట్టాలి. అత్తగారికి మెత్తటి అన్నం విడిగా వండాలి. మా అబ్బాయికి వేపుడు లేకపోతే ముద్ద దిగదు. ఆ మూడు నెలల్లో ఈ సంగతి ఎవరూ అడగలేదు. రెండో నెలలో కోచ్ మారింది, నా కథంతా మళ్లీ మొదటి నుంచి చెప్పుకున్నాను. మూడో నెలలో ప్రొటీన్ పొడి కొనమన్నారు, డబ్బా 2,400. ఏం రాసినా "సూపర్ అండీ, కీప్ ఇట్ అప్" అని జవాబు వచ్చేది. ఒకసారి పెళ్లి భోజనం విస్తరి ఫొటో, రెండు బొబ్బట్లతో సహా పెట్టాను. దానికీ సూపరే!

అయినా ఒకటి ఒప్పుకోవాలి. అప్పుడు రెండున్నర కిలోలు తగ్గాను. ప్రతి సోమవారం పొద్దున "బరువెంత?" అని అడిగేవాళ్లు. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి ఆదివారం బిర్యానీ దగ్గర చెయ్యి కాస్త వెనక్కి తగ్గేది. ప్రోగ్రామ్ అయిపోయింది, అడిగేవాళ్లు పోయారు, నాలుగు నెలల్లో మూడు కిలోలు తిరిగొచ్చాయి. చార్టు పోయినందుకు కాదు, అది నా ఫోన్‌లోనే ఉంది.

ఇలా అడగడానికి, గుర్తుచేయడానికి ఎంత బలం ఉందో మన దక్షిణాదిలోనే పరీక్షించి చూశారు. చెన్నై డాక్టర్ ఎ. రామచంద్రన్, ఆయన బృందం 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. షుగర్ వచ్చే దశలో ఉన్న 537 మంది మగవాళ్లను తీసుకుని, తిండి, వ్యాయామం గురించి మొదట్లో అందరికీ ఒకేలా చెప్పారు. తర్వాత సుమారు సగం మందికి మాత్రం రెండేళ్లపాటు ఫోన్‌కు ఎస్ఎంఎస్‌లు పంపుతూ వచ్చారు. ఎస్ఎంఎస్‌లు అందినవాళ్లలో 18 శాతం మందికి షుగర్ వచ్చింది, అందనివాళ్లలో 27 శాతం మందికి. ఎస్ఎంఎస్‌కు ఎంతవుతుందండీ?

సరే, డబ్బు దగ్గరికి వస్తాను. ఆ 18 వేలల్లో నాకు అసలు కావలసినవి పరీక్షలు, నా ఇంటికి సరిపడే ప్లాన్, వారం వారం అడిగే మనిషి. మిగతాదంతా యాప్ హంగు.

పరీక్షలకు నాకు పైసా కాలేదు. మా పక్క వీధి బస్తీ దవాఖానాలో, అంటే ప్రభుత్వం నడిపే చిన్న ఆసుపత్రిలో, బీపీ, షుగర్ చూసి రక్తం తీసుకున్నారు. శాంపిల్ తెలంగాణ డయాగ్నస్టిక్స్ అనే ప్రభుత్వ ల్యాబ్‌కు వెళ్లింది, రిపోర్టు ఫోన్‌కు వచ్చింది. 30 దాటినవాళ్లకు బీపీ, షుగర్, నోటి క్యాన్సర్, ఆడవాళ్లకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల స్క్రీనింగ్ ఉచితంగా చేసే జాతీయ కార్యక్రమం ఉంది. ఆంధ్రాలో అయితే పట్టణ ఆరోగ్య కేంద్రంలోనో, గ్రామంలో ఆరోగ్య మందిరంలోనో అడగండి. బయట చేయించుకుంటే బిల్లు దాచుకోండి. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ముందస్తు హెల్త్ చెకప్ ఖర్చు 5,000 దాకా, 80డీ అని పేరుపడ్డ ఆరోగ్య బీమా పన్ను మినహాయింపు పరిమితిలోనే చూపించుకోవచ్చు. కొత్త విధానంలో అది లేదు. (అకౌంట్స్ బుద్ధి, ఊరుకోదు.)

ప్లాన్‌కు మాత్రం డబ్బు పెట్టాను. ఒక ఆసుపత్రిలో డైటీషియన్‌ను ఒక్కసారి కలిశాను, ఫీజు 600. డైటీషియన్ అనేవాళ్లకు దానికి సంబంధించిన డిగ్రీ ఉండాలి, ముందే అడిగి తెలుసుకోండి, మొహమాటం వద్దు. ఆవిడ చార్టు తియ్యలేదు. "మీ ఇంట్లో నెలకు నూనె ఎంతవుతుందమ్మా?" అన్నారు. ఐదు ప్యాకెట్లన్నాను. ఎంతమంది తింటారు? నలుగురం. అక్కడే కాలిక్యులేటర్ తీశారు. ప్యాకెట్‌కు 910 గ్రాముల లెక్కన ఐదింటికి 4,550. నలుగురికి, ముప్పై రోజులకు భాగిస్తే తలకు రోజుకు దాదాపు 38 గ్రాములు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, రోజుకు 2,000 కేలరీల తిండికి నూనె, కొవ్వులు కలిపి చెప్పింది 27 గ్రాములు. అంటే మా ఇంటికి నెలకు మూడున్నర ప్యాకెట్లు. నెయ్యి వేసుకుంటే అదీ అందులోంచే పోవాలి. అప్పట్నుంచి ప్యాకెట్ విప్పిన రోజు దాని మీద మార్కర్‌తో తేదీ రాస్తున్నాను. ఎనిమిదిన్నర రోజులు రావాలి. మొదటిది ఆరు రోజులకే అయిపోయింది, ఆ వారం వంకాయ వేపుడు రెండుసార్లు చేశాను మరి.

అన్నం మానేయమని కూడా ఆవిడ అనలేదు. బాక్సులో అన్నం గిన్నె, కూర గిన్నె తారుమారు చెయ్యమన్నారు. పెద్దదాంట్లో కూర, చిన్నదాంట్లో అన్నం. అంతే. అదే మార్గదర్శకాల్లో కూరగాయలు రోజుకు 400 గ్రాములు, ధాన్యాలు 250 గ్రాములు. మన ఇళ్లలో ఇది సరిగ్గా తిరగబడి ఉంటుంది. టిఫిన్‌లో ఇడ్లీ రవ్వ, రాత్రి చపాతీ పిండి కూడా ఆ 250లోనే అని తెలిశాక నా మధ్యాహ్నం బాక్సు దానంతటదే తగ్గింది. కూరకు దొండకాయ, బీరకాయ, తోటకూర చాలు. బ్రకోలీ ఇంతవరకు మా గుమ్మం తొక్కలేదు.

ఇక అడిగే మనిషి. ఇది మా అపార్ట్‌మెంట్‌లోనే దొరికింది. నాతో కలిపి ఐదుగురం. ఆదివారం పొద్దున ఆరున్నరకు పార్కులో కలుస్తాం. ఒక టైలరు టేపు, అందరం కలిసి కొన్న కాటా, ఒక లాంగ్ నోట్‌బుక్. నడుము కొలత, బరువు, ఆ వారం ఎన్ని నిమిషాలు నడిచాం, అంతే రాస్తాం. వారానికి కనీసం 150 నిమిషాలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్కే పెట్టుకున్నాం. నడుము ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటకూడదు. నాది 94తో మొదలైంది. నెంబరు గట్టిగా చదవాలి, అదొక్కటే నియమం. మొదటివారం సిగ్గుతో చచ్చాను. మూడో వారానికి పై అంతస్తు అక్క "ఈసారి కారణం చెప్పకు, కొలత చెప్పు" అని ఆటపట్టించే దాకా వచ్చింది. మూడు నెలలకోసారి అదే డైటీషియన్‌తో ఐదుగురం కలిసి ఒక వీడియో కాల్ పెట్టుకుంటాం, మొత్తం 1,500, తలకు 300.

తొమ్మిది నెలలకు 5.8కి వచ్చాను. నడుము 87, ఇంకా ఏడు దిగాలి. సంక్రాంతికి అరిసెలు పోయినేడాది నన్ను కిలోన్నర పెంచాయి, ఆ పేజీ కూడా నోట్‌బుక్‌లో ఉంది. ఏడాది మొత్తానికి డైటీషియన్‌కు 1,800, కాటాకు నా వాటా 240. చెప్పులు అరిగి కొత్త బూట్లు 1,100, అవి ఎలాగూ కొనేదాన్నే.

ఒక జాగ్రత్త. మాలో ఒకావిడ అప్పటికే షుగర్ మాత్రలు వాడుతున్నారు. మమ్మల్ని చూసి డాక్టర్‌కు చెప్పకుండా అన్నం సగానికి తగ్గించేశారు. ఒక ఆదివారం బెంచీ మీదే చెమటలు పట్టి కళ్లు తిరిగాయి, షుగర్ పడిపోయింది. ఎవరి బ్యాగులోనో చాక్లెట్ ఉంది కాబట్టి సరిపోయింది. మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, గర్భిణులు ఇలా గుంపుతో పాటు చెయ్యకూడదు. వాళ్ల ప్లాన్ వాళ్ల డాక్టరే మార్చాలి. మీకింకా మందులు లేవు కాబట్టి ఇంత ధైర్యంగా రాస్తున్నాను. నిద్ర పట్టకపోవడం, దిగులు లాంటివి ఉంటే వాటికి ప్యాకేజీలో "స్ట్రెస్ సెషన్" కొనకండి. 14416కు ఫోన్ చెయ్యండి. టెలిమానస్ అని ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇంత చదివాక కూడా యాప్‌లోనే చేరాలనిపిస్తే తప్పేం లేదు, ఒంటరిగా ఉండేవాళ్లకు అదే నయం కావచ్చు. కట్టే ముందు మాత్రం ఫోన్ చేసి, మూడు నెలలూ ఒకే కోచ్ ఉంటారా, ఆ కోచ్ ఏం చదివారు, మధ్యలో మానేస్తే డబ్బు ఎంత వెనక్కిస్తారు అని అడగండి. నాకు అమ్మినవాళ్లు మూడో ప్రశ్నకు "సార్‌తో మాట్లాడి చెప్తాం మేడం" అన్నారు. ఇప్పటికీ చెప్పలేదు.

మీరు ఏ ఊళ్లో ఉంటారో, ఇంట్లో ఎంతమందో రాయండి. ఈలోపు వంటింట్లో ఉన్న నూనె ప్యాకెట్ మీద ఇవాళ్టి తేదీ వేసి పెట్టండి.