స్టెమ్ సెల్ ‘ప్యాకేజీ’కి కట్టిన డబ్బు వెనక్కి వస్తుందా?

సందేహం: మాది ఒంగోలు. నాన్నగారికి 66 ఏళ్లు, ఆరేళ్లుగా పార్కిన్సన్స్. నిరుడు హైదరాబాద్‌లో ఒక క్లినిక్ వాళ్లు తుంటి ఎముకలోంచి మజ్జ తీసి, అందులోని మూలకణాలను (స్టెమ్ సెల్స్) వెన్నులోకి ఎక్కించారు. ‘నానో’ సెలైన్లూ పెట్టారు. 4.6 లక్షలు తీసుకున్నారు. చేతి వణుకు తగ్గలేదు. అడిగితే ‘గ్యారంటీ లేదని సంతకం పెట్టారుగా’ అంటున్నారు. పైగా రెండో డోసుకి రమ్మని మెసేజ్‌లు పెడుతున్నారు.

సమాధానం: మీరు పంపిన కాగితాల్లో నా కంటికి ముందు ఆనింది బిల్లు. ‘స్టెమ్ సెల్ ప్యాకేజీ’ అని ఒకే పద్దు రాశారు. మీ కేసుకి బలం అదే.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), కేంద్ర బయోటెక్నాలజీ విభాగం కలిసి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, కొన్ని రక్త సంబంధ జబ్బులకు చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతాదంతా ఇంకా ప్రయోగమే. పార్కిన్సన్స్, అల్జీమర్స్ వంటివాటికి అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లోనే వాడాలి. బయట చేస్తే అది అనైతికం, వృత్తిపరమైన తప్పు. ట్రయల్ అయితే రోగి దగ్గర రూపాయి కూడా తీసుకోకూడదు. క్లినికల్ ట్రయల్స్ జాతీయ రిజిస్ట్రీ అయిన సీటీఆర్ఐలో నమోదు, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండి తీరాలి. మీ నాన్నగారు సంతకం చేసిన రెండు పేజీల్లో వాటి ఊసే లేదు.

అందుకని ‘వణుకు తగ్గలేదు’ అన్నదాన్ని ఫిర్యాదుకి ఆధారం చేయకండి. ఆ జబ్బు ఎలాగూ ముదిరేదే అని వాళ్లు తేలిగ్గా తప్పించుకుంటారు. ‘అనుమతి లేని ప్రయోగాన్ని వైద్యమని చెప్పి అమ్మారు’ అని రాయండి. ‘ఆయన కణాలే ఆయనకి ఎక్కించాం, అది మందు కాదు’ అని వాదిస్తారు, సిద్ధంగా ఉండండి. మందు కాకపోయినా, ఇది ప్రయోగమని ముందే చెప్పాల్సిన బాధ్యత పోదు. వైద్యం స్వభావం, ప్రమాదాలు, వేరే మార్గాలు వివరించకుండా తీసుకున్న సమ్మతి చెల్లదని సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లోనే తేల్చింది.

హైదరాబాద్ తిరగక్కర్లేదు. 2019 వినియోగదారుల చట్టం కింద మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు, ఆలస్యం చేయకండి. ముందు మెడికల్ రికార్డుల కోసం రాతపూర్వకంగా అడగండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలన్నది 2002 వైద్య నియమావళి. ఇవ్వకపోతే అదీ మీకే ఉపయోగం. తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కి విడిగా ఫిర్యాదు చేయండి. ‘మెదడు జబ్బు నయం చేస్తాం’ అని మందు పేరుతో ప్రకటన ఇచ్చి ఉంటే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కూడా వర్తించవచ్చు. ఆ కరపత్రం పారేయకండి.

న్యూరాలజిస్టు రాసిన మాత్రలు ఆపకుండా వాడండి. రెండో డోసుకి మాత్రం వెళ్లొద్దు. ఆ మెసేజ్‌లు చెరపకుండా, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి ఫిర్యాదుకి జతచేయండి.