మూడు లెన్సులకు లోన్ వద్దు, ముందు ఒక్కటి కొనండి

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. విశాఖపట్నంలో ప్రైవేటు ఉద్యోగం. నెలకు 1,15,000 చేతికి వస్తుంది. ఇంటి రుణం ఈఎంఐ 42,000, ఇంటి ఖర్చులు 45,000, మ్యూచువల్ ఫండ్ సిప్ 15,000. అత్యవసరానికని బ్యాంకులో 2 లక్షలు ఉంచాను. టర్మ్ పాలసీ, ఆరోగ్య బీమా ఉన్నాయి. మా మేనమామ తన హాసెల్‌బ్లాడ్ 500సీ/ఎం ఫిల్మ్ కెమెరాను 80 ఎంఎం లెన్స్‌తో సహా నాకిచ్చారు. కోనసీమలో 86 ఏళ్ల మా అమ్మమ్మను, మిగతా పెద్దవాళ్లను, మా మండువా ఇంటిని దాంతో ఫొటోలు తీయాలని కోరిక. 150 ఎంఎం సీఎఫ్ లెన్స్ హైదరాబాద్‌లో 50,000కు, 50 ఎంఎం సీఎఫ్ చెన్నైలో 70,000కు, 250 ఎంఎం 40,000కు ఇస్తామంటున్నారు. 50 ఎంఎం జపాన్‌లో అయితే 58,000కే ఉంది. మొత్తం 1,60,000కు మూడేళ్ల పర్సనల్ లోన్ 14 శాతం వడ్డీకి వస్తోంది. లేదా పదకొండు నెలలు సిప్ ఆపేద్దామా? ఐదు నెలల్లో పన్ను పోను 90,000 బోనస్ వస్తుంది. గత ఏడాది పది రోల్స్ తీశాను, ఎక్కువగా మనుషులవే. రోల్ 1,000, కడిగి స్కాన్ చేసినందుకు 700 అవుతోంది. పాత లెన్స్ ధర తగ్గదు కాబట్టి ఇదీ పెట్టుబడే అంటారు స్నేహితులు. మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

జవాబు: లెన్స్ కొనడం తప్పని మీ ఆవిడ అంటున్నారో, అప్పు చేయడం తప్పని అంటున్నారో మీరు రాయలేదు. రెండోదైతే ఆవిడ మాటే నాదీను. మంచి లెన్స్ మీద మనసు పడటంలో తప్పేమీ లేదు. పెద్దవాళ్ల మొహాలు మంచి నెగెటివ్ మీద నిలవాలన్న కోరిక డబ్బు ఖర్చు పెట్టదగ్గదే. అయితే మూడూ ఒకేసారి అక్కర్లేదు, లోన్ అసలే అక్కర్లేదు.

ముందు లోన్ లెక్క. 1,60,000కు 14 శాతం వడ్డీతో మూడేళ్లంటే ఈఎంఐ సుమారు 5,470 పడుతుంది. మూడేళ్లలో కట్టే వడ్డీయే 36,800 దాటుతుంది. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ అదనం. మీకు హైదరాబాద్‌లో దొరుకుతున్న 150 ఎంఎం లెన్స్ ధరలో ఆ వడ్డీ ఒక్కటే దాదాపు ముప్పావు వంతు. ఇంకో విధంగా చూడండి: మీరు చెప్పిన ధరల ప్రకారం ఒక రోల్ కొని, కడిగించి, స్కాన్ చేయిస్తే 1,700. ఈఎంఐ 5,470 అంటే నెలకు మూడు రోల్స్. ఇప్పుడు మీరు నెలకు ఒక్క రోల్ కూడా తీయడం లేదు. లెన్సుల కోసం కడుతున్న ఈఎంఐ వల్ల ఫిల్మ్‌కు చేతులు రాకపోతే ఆ మూడు లెన్సులూ బీరువాలోనే ఉంటాయి.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన అంకె ఇంకొకటుంది. 1,15,000లోంచి ఈఎంఐ, ఇంటి ఖర్చు, సిప్ తీసేస్తే 13,000 మిగలాలి. అది ఎటు పోతోందో మీరు రాయలేదు. పది రోల్స్‌కు ఏడాదికి అయింది 17,000 మాత్రమే. మిగిలినదంతా ఎక్కడ? నెలకు 13,000 అంటే ఏడాదికి 1,56,000. మీరు అప్పు తెద్దామనుకుంటున్న మొత్తం దాదాపు ఇంతే! ఈ వారంలోనే ఇద్దరూ కూర్చుని గత మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, యూపీఐ చెల్లింపులు చూడండి. లెన్స్ డబ్బు అక్కడే ఉంది.

సిప్ ఆపడం లోన్ కన్నా నయమే, వడ్డీ కట్టాల్సిన పని ఉండదు. కానీ పదకొండు నెలల సిప్ 1,65,000 ఏటా 10 శాతం చొప్పున పెరుగుతుందనుకుంటే 15 ఏళ్లకు సుమారు 6,90,000 అవుతుంది. మార్కెట్ ఆ హామీ ఇవ్వదు గానీ, మీరు వదులుకునేది 1,65,000 మాత్రమే కాదని తెలియడానికి ఈ లెక్క చాలు. సిప్‌ను కదిలించకండి. నాకు నిజంగా టెన్షన్‌గా ఉన్నది మీ అత్యవసర నిధి గురించి. ఈఎంఐ, ఇంటి ఖర్చు కలిపి నెలకు 87,000. మీ దగ్గరున్న 2 లక్షలు రెండు నెలల పైచిలుకు మాత్రమే వస్తాయి. ప్రైవేటు ఉద్యోగం, ఇంటి రుణం ఉన్నవారికి కనీసం నాలుగు నెలలకు సరిపడా, అంటే 3,48,000 ఉండాలి.

ఇక పెట్టుబడి అన్న మాట. లెన్స్ అద్దె ఇవ్వదు, వడ్డీ ఇవ్వదు. అందుకే దాన్ని పెట్టుబడి అనను. అలాగని కొత్త ఫోన్ లాగా ఏడాది తిరిగేసరికి సగం విలువ పోయే వస్తువూ కాదు. హాసెల్‌బ్లాడ్ ఈ వీ సిరీస్ కెమెరాల తయారీని 2013లో ఆపేసింది. ఇక కొత్తవి రావు. పైగా ఇదే 500సీ/ఎం బాడీ వెనక ఫిల్మ్ పెట్టెకు బదులు తగిలించుకునే డిజిటల్ బ్యాక్‌లను ఆ కంపెనీయే తయారు చేసింది. అందువల్ల ఫిల్మ్ వాడనివాళ్లూ ఈ కెమెరాలకు కార్ల్ జైస్ కంపెనీ చేసిన లెన్సులను అడుగుతున్నారు. కానీ వీటిలో ఒక్కో లెన్స్‌కు లోపల సొంత షట్టర్, అంటే ఫిల్మ్ మీద వెలుగు ఎంతసేపు పడాలో చూసే తలుపు, ఉంటుంది. మూడు లెన్సులంటే మూడు షట్టర్లు, మూడు సర్వీసింగ్ ఖర్చులు. నెలల తరబడి వాడకపోతే లోపలి నూనె చిక్కబడి స్లో స్పీడ్లు మొరాయిస్తాయి. మమియా 645, పెంటాక్స్ 67 లాంటి కెమెరాల్లో షట్టర్ బాడీలో ఉంటుంది. అందుకే వాటి లెన్సుల్లో చెడిపోయే భాగాలు తక్కువ. ఇంకా ఏ కెమెరా కొనని పాఠకులు ఈ తేడా చూసి నిర్ణయించుకోవచ్చు. మీకు కెమెరా ఉచితంగా వచ్చింది కాబట్టి మారే పని లేదు.

పాత లెన్స్ అసలు ఖర్చు మీరు కొన్న ధర కాదు. అమ్మినప్పుడు తిరిగి రానిదే ఖర్చు. ఈ లెక్కతో చూస్తే జపాన్ 50 ఎంఎం చవక కాదని తేలుతుంది. 58,000 మీద కస్టమ్స్ సుంకం, ఐజీఎస్టీ, కొరియర్ ఛార్జీలు పడతాయి. ఉదాహరణకు అవన్నీ కలిపి 25,000 అయ్యాయనుకోండి, చేతికొచ్చేసరికి 83,000. రేపు ఇక్కడ 62,000కు అమ్మితే 21,000 పోయినట్టే. చెన్నైలో 70,000 పెట్టి కొని అదే 62,000కు అమ్మితే పోయేది 8,000. సుంకం, కొరియర్ ఖర్చు ఏ కొనుగోలుదారూ మీకు తిరిగి ఇవ్వడు. పైగా చెన్నైది చేత్తో పట్టుకుని చూసి కొంటారు. ఒకవేళ విదేశం నుంచే తెప్పించినా, సుంకం తప్పించుకోవడానికి పార్సెల్ మీద తక్కువ ధర వేయమని అమ్మేవాళ్లను అడగొద్దు. అది చట్టరీత్యా తప్పు, దారిలో పగిలితే బీమా కూడా ఆ తక్కువ ధరకే వస్తుంది.

ఏది ముందు కొనాలన్నది చెప్పడానికి మీ పాత నెగెటివ్‌లే ఆధారం. లెన్స్ ఎంఎం అంకె పెరిగేకొద్దీ దృశ్యం దగ్గరగా, తగ్గేకొద్దీ వెడల్పుగా వస్తుంది. మీ నెగెటివ్ 56 మిల్లీమీటర్ల చదరం. 80తో తీసిన ఫొటో మధ్యలోంచి 30 మిల్లీమీటర్ల చదరం కత్తిరిస్తే, అదే చోట నిలబడి 150తో తీసినప్పుడు వచ్చే దృశ్యమే వస్తుంది. ఆ ముక్క వైశాల్యం మామూలు 35 ఎంఎం ఫిల్మ్ ఫ్రేమ్‌తో దాదాపు సమానం. అంటే ఒక చిన్న ప్రింట్‌కు అది ధారాళంగా సరిపోతుంది. కాబట్టి ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. గత ఏడాది తీసిన స్కాన్లు తెరిచి, మనుషుల ఫొటోలను అలా కత్తిరించి చూడండి. ఎక్కువ ఫొటోలు కత్తిరించాకే బాగున్నాయంటే మీకు 150 అవసరం ఉన్నట్టే. గోడకు పెట్టేంత పెద్ద ప్రింట్ కావాలంటే పూర్తి నెగెటివ్ కావాలి, అది 150తోనే వస్తుంది. 80తో మొహం నిండుగా రావాలని బాగా దగ్గరికి వెళ్తే ముక్కు పెద్దదిగా కనిపిస్తుంది. 150తో రెండడుగులు వెనక్కి జరిగి తీయొచ్చు, పెద్దవాళ్లూ ఇబ్బంది పడరు. అది 1.4 మీటర్ల కన్నా దగ్గర ఫోకస్ కాదు. ఇంకా దగ్గర కావాలంటే లెన్స్‌కూ బాడీకీ మధ్య బిగించే చిన్న ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ చాలు, దానికి ఇంకో లెన్స్ కొనక్కర్లేదు.

50 సంగతి వేరు. వెడల్పైన దృశ్యాన్ని ఏ కత్తిరింపూ తెచ్చి ఇవ్వలేదు. మండువాలో ఒక మూల నిలబడి నాలుగు వసారాలూ చూపించాలంటే 80 సరిపోదు. అయినా రెండో వరసలోనే పెడుతున్నాను, ఎందుకంటే మీరు తీసినవి ఎక్కువగా మనుషుల ఫొటోలు. ఇల్లు మరో ఏడాది ఆగుతుంది. 250 జోలికి వెళ్లకండి. దాని అపర్చర్ (వెలుగు లోపలికొచ్చే రంధ్రం) ఎఫ్/5.6 మాత్రమే, అంటే వెలుగు తక్కువ వస్తుంది, స్టాండ్ లేకుండా నిలకడగా తీయడం కష్టం, మీ కోరికల్లో దానికి పని లేదు.

అమ్మమ్మ గారి కోసం మాత్రం ఏ లెన్స్ వచ్చే దాకా ఆగొద్దు. 86 ఏళ్ల మనిషిని ఐదు నెలల తర్వాత తీద్దామనే ప్లాన్ నేను రాయను. ఉన్న 80తోనే వచ్చే సెలవు రోజు వెళ్లండి, పొద్దున్నే వీధి అరుగు మీద వెలుగు బాగుంటుంది. రెండు రోల్స్, 24 ఫొటోలు, మొత్తం 3,400. ఈ ఉత్తరంలో ఉన్న ఖర్చులన్నిటిలో ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడనిది ఇదే.

ఇక డబ్బు దారి. మిగలాల్సిన 13,000లో 8,000 అత్యవసర నిధికి వెళ్లాలి. మిగతా 5,000 కెమెరాది. అందులో 1,700 నెలకో రోల్‌కు, 3,300 విడిగా ఒక పొదుపు ఖాతాకు. అమ్మమ్మ గారి దగ్గరికి వెళ్లే నెల రెండో రోల్ ఖర్చు మామూలు ఖర్చుల్లో సర్దుకోండి. ఐదు నెలలకు ఆ ఖాతాలో 16,500 అవుతుంది. బోనస్ 90,000లో సగం అత్యవసర నిధికి, సగం దీనికి కలిపితే 61,500. ఇందులో 50,000తో 150 కొని, 10,000 సర్వీసింగ్‌కు పక్కన పెట్టండి. ఆ పది వేలు నా అంచనా మాత్రమే, కొనేముందే మెకానిక్‌ను అడిగి అసలు ధర తెలుసుకోండి. అప్పటికి మీ అత్యవసర నిధి 2,85,000కు చేరుతుంది. ఆ తర్వాత నెలకు 8,000 చొప్పున ఇంకో ఎనిమిది నెలల్లో 3,48,000 పూర్తవుతుంది. 50 ఎంఎం మాట ఎత్తాల్సింది అప్పుడే. హైదరాబాద్ లెన్స్ ఈలోగా అమ్ముడైపోతే పోనివ్వండి. 150 ఈ సిరీస్‌లో చాలామంది కొన్న లెన్స్, మళ్లీ దొరుకుతుంది.

పాత ‘సీ’ రకం లెన్సులు ఇంకా తక్కువకు వస్తాయి. నేనైతే సీఎఫ్‌కే డబ్బు పెడతాను. ‘సీ’ రకంలోని సింక్రో కాంపూర్ షట్టర్‌కు విడిభాగాలు దొరకడం కష్టం. 1982 నుంచి వచ్చిన సీఎఫ్ లెన్సుల్లో ప్రాంటర్ షట్టర్ ఉంటుంది, దాన్ని బాగు చేయించడం కొంత సులువు. లెన్స్ ముందు తగిలించే ఫిల్టర్ల సంగతీ చూడండి. సీఎఫ్ రకంలో 80, 150, 50 మూడింటికీ ఒకే బీ60 సైజు ఫిల్టర్లు పడతాయి. మీ మేనమామ గారి 80 పాత ‘సీ’ రకమైతే దానిది బీ50. అలాంటప్పుడు నలుపు తెలుపు ఫిల్మ్ కోసం వాడే పసుపు ఫిల్టర్ ఇంకొకటి కొనాలి. ఆ ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకోండి.

విశాఖ లాంటి సముద్రపు ఊళ్లో లెన్స్‌కు పెద్ద శత్రువు తేమ. ఫంగస్ పట్టిందంటే అద్దం మీది కోటింగ్‌ను తినేస్తుంది, అమ్మకం ధర అక్కడే పడిపోతుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటరు, ఇవి కొన్ని వందల్లోనే వస్తాయి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. తోలు కేసులో మాత్రం దాచొద్దు. ఇంటి బీమా పాలసీలో వెంట తీసుకెళ్లే వస్తువులకు అదనపు కవర్ ఉంటుందేమో అడగండి. దొంగతనం, పగలడం అందులోకి వస్తాయి, ఫంగస్ సాధారణంగా రాదు. బిల్లు, సీరియల్ నంబర్ల ఫొటోలు దాచుకోండి. రేపెప్పుడైనా లాభానికి అమ్మినా, సొంత వాడకానికి ఉంచుకున్న ఇలాంటి వస్తువు మీద మూలధన లాభాల పన్ను ఉండదు. కెమెరాతో సంపాదన మొదలుపెట్టి దాన్ని వ్యాపార ఆస్తిగా చూపిస్తే మాత్రం లెక్క మారుతుంది, అప్పుడు మీ ఆడిటర్‌ను అడగండి.

150 చూడటానికి వెళ్లేటప్పుడు మీ కెమెరా బాడీ, చిన్న టార్చ్, ఒక రోల్ తీసుకెళ్లండి. బిగించేముందు బాడీ, లెన్స్ రెండూ కాక్ చేసి, అంటే ఫొటోకు సిద్ధంగా స్ప్రింగ్ బిగించి, ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే జామ్ అయి, ఆ రిపేరు ఖర్చు మీ మీదే పడుతుంది. ఒక సెకను, అర సెకను, పావు సెకను స్పీడ్లను ఒక్కొక్కటి నాలుగైదుసార్లు నొక్కి వినండి. తడబడితే సర్వీసింగ్ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. వెనక నుంచి టార్చ్ వేసి, ఫంగస్ గుర్తుగా సాలెగూడు లాంటి గీతలు కనిపిస్తే ఎంత తగ్గించినా వద్దనండి. అంతా బాగుంటే అక్కడే రోల్ పూర్తి చేసి, కడిగించి చూశాకే డబ్బిస్తానని అడగండి. అమ్మేవారు దానికి ఒప్పుకోకపోతే కనీసం పది రోజుల్లో తిరిగి తీసుకుంటానని రాసి ఇమ్మనండి. అదీ కుదరదంటే ఆ 61,500 ఖాతాలోనే ఉంచి, ఇంకో లెన్స్ చూడండి.