నిండు పట్టు కుదరాలంటే ముందు లాగడం మానండి

ప్రశ్న: ఉద్యోగరీత్యా జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఉంటున్నాను. మా జర్మన్ షెపర్డ్ పిల్లకు ఐదో నెల నడుస్తోంది. ఐజీపీ అనే కుక్కల శిక్షణా క్రీడ పోటీల ఉద్దేశంతో ఇక్కడి క్లబ్బులో చేర్పించాను. ఇంట్లో గుడ్డతో ఆడిస్తే ముందు పళ్లతోనే పట్టుకుని, వదిలి, మళ్లీ కొరుకుతోంది. గట్టిగా లాగితే పట్టు బిగుస్తుందనుకున్నాను. అది జరగలేదు సరికదా, ఇప్పుడు గుడ్డ దొరకగానే సోఫా కింద దూరుతోంది. ఏం చేయాలి?

జవాబు: మీ పిల్లకు ఇది పాలపళ్లు ఊడే వయసు. దాదాపు నాలుగో నెల నుంచి ఏడో నెల వరకు 28 పాలపళ్లు పోయి 42 శాశ్వత దంతాలు వస్తాయి. చిగుళ్లు సలుపుతున్నప్పుడు మీరు లాగితే, మీతో ఆడితే నోరు నొప్పి పెడుతుందన్న సంగతే దాని మనసులో నాటుకుంటుంది. పళ్లు కుదురుకునేదాకా మెత్తటి గుడ్డను నేల మీద పరుగెత్తించి అందుకోనిస్తే చాలు. ఐజీపీ-1 పరీక్షకు కనీస వయసు 18 నెలలు కనుక తొందరేమీ లేదు.

ఆ పరీక్షలో జాడ పట్టడం, విధేయత, రక్షణ అనే మూడు భాగాలకు నూరేసి మార్కులు. రక్షణ భాగంలో హెల్పర్ (దాడి చేసేవాడిలా నటిస్తూ కుక్కకు ఎదురు నిలిచే వ్యక్తి) చేతి తొడుగును కుక్క వెనక పళ్లదాకా నోటినిండా పట్టి, నమలకుండా నిబ్బరంగా నిలవడాన్నే నిండు పట్టు అంటారు. నమలడాన్ని కొందరు కసి అనుకుని మురిసిపోతారు గానీ, నేను చూసినంతలో అది చాలావరకు తొట్రుపాటే.

కొత్త పళ్లు వచ్చాక, గోనెగుడ్డ తొడిగిన మెత్తటి దిండును రెండు చేతులతో కుక్క ఛాతీ ఎత్తున అడ్డంగా పట్టుకోండి. అది పళ్ల కొసలతో పట్టినంతసేపూ మీరు కదలకుండా కొద్దిపాటి బిగువు మాత్రమే ఉంచి, అది ముందుకు తోసుకుని లోతుగా పట్టిన క్షణంలోనే బిగువు వదిలి దిండును దానికే ఇచ్చేయండి. నమిలితే ఏమీ జరగదనీ, ముందుకు తోస్తే గెలుపు తనదేననీ కుక్కకు తెలిసేది ఆ ఒక్క క్షణంలోనే. అర నిమిషం ఆలస్యమైతే దేనికి గెలిచిందో దానికి అర్థం కాదు. పైకీ కిందికీ కుదపడం, పట్టుకుని వేలాడుతుంటే గాలిలోకి లేపడం వంటివి మెడకు మంచివి కావు.

ఇక సోఫా సంగతి. నోట్లోది మీరు లాక్కుంటారని భయపడి అది దాక్కుంటోంది. కుక్కకు తేలికపాటి తాడు కట్టి, గెలిచిన దిండును నోట కరుచుకుని మీ చుట్టూ తిరగనివ్వండి. కూర్చుని దాని పక్కటెముకల మీద నెమ్మదిగా నిమరండి, దిండును మాత్రం ముట్టుకోవద్దు. వదిలించవలసి వచ్చినప్పుడు దిండును మీ తొడకు ఆనించి కదలకుండా ఉంచి, అది విడవగానే వెంటనే మళ్లీ పట్టుకోనివ్వండి. విడిచినా ఆట ఆగదని తెలిస్తే పారిపోవలసిన పని ఉండదు.

చేతి తొడుగు పనిని క్లబ్బు హెల్పర్‌కే వదిలేయండి, ఇంటికి వచ్చిన స్నేహితులతో చేయించవద్దు. మీ ఆట రెండు మూడు నిమిషాలకు మించకుండా, పిల్లకు ఇంకా ఆశ ఉండగానే ఆపి, దిండును దానికి అందని చోట దాచండి.